ఐఐటీ మద్రాసు ఆచార్యుని ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠాలు: ఒక మెషీన్ షాపు ఉద్యోగి సమీక్ష

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఇంజనీరింగ్ పాఠాలను ఎంచుకునేటప్పుడు మనలో చాలామందిమి సిలబసు చూస్తాం, వీడియోలు ఎన్ని ఉన్నాయో చూస్తాం, కింద ఎవరేమి రాశారో చదువుతాం. పాఠం చెప్పే ఆచార్యుడు ఏ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశాడో మాత్రం చూడం. నేనూ చూడలేదు. జీడిమెట్లలో ఒక చిన్న మెషీన్ షాపులో ప్రొడక్షన్ ప్లానింగ్ చూసుకునే నేను, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాసు ఆచార్యులు జి. శ్రీనివాసన్ గారు చెప్పిన ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో ఏది ఎంత చేస్తే లాభం ఎక్కువో, ఖర్చు తక్కువో లెక్కకట్టి తేల్చే శాస్త్రం) పాఠాలను మొదటిసారి విన్నప్పుడు, కాలేజీలో చదివిందే కదా అనిపించి సగంలో ఆపేశాను. రెండేళ్ల తర్వాత, మా షాపులో యంత్రాల అమరికను మార్చవలసి వచ్చి దానికి సంబంధించిన పాత పరిశోధనా వ్యాసాలు వెతుకుతుంటే, వాటిలో ఆయన పేరు పదేపదే కనిపించింది. అప్పుడు మళ్లీ మొదటినుంచి విన్నాను. ఏ పాఠం దగ్గర ఆయన నెమ్మదిస్తారో, ఏ పాఠాన్ని త్వరగా దాటేస్తారో, ఎందుకలా చేస్తారో రెండోసారి తెలిసింది. ఈ సమీక్ష ఆ రెండోసారి విన్న అనుభవం నుంచి రాస్తున్నాను.

ముందుగా సేవ గురించి రెండు మాటలు. ఎన్‌పీటెల్ అనేది 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి, కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ నిధులతో మొదలుపెట్టిన కార్యక్రమం. పాఠాలు వినడానికి డబ్బు కట్టనక్కరలేదు, పేరు నమోదు చేసుకోనక్కరలేదు. యూట్యూబులో అన్నీ ఉన్నాయి. శ్రీనివాసన్ గారి పాఠాలు అందులో ఒకటికి మించి ఉన్నాయి: ప్రాథమిక ఆపరేషన్స్ రీసెర్చ్, దాని కొనసాగింపుగా అడ్వాన్స్‌డ్ ఆపరేషన్స్ రీసెర్చ్, ఆ తర్వాత సర్టిఫికెట్ కోసం పెట్టిన ఎనిమిది వారాల పరిచయ కోర్సు. నేను ఎక్కువగా మాట్లాడేది మొదటిదాని గురించి. మిగతావాటిని అవసరమైన చోట ప్రస్తావిస్తాను.

ఆచార్యుని నేపథ్యం విషయానికి వస్తే, ఆయన పాఠాలు చెప్పినది ఐఐటీ మద్రాసులోని మేనేజ్‌మెంట్ స్టడీస్ విభాగం తరఫున. ఎంబీఏ చెప్పే విభాగంవారు మెకానికల్ పిల్లలకు లెక్కలు నేర్పడమేమిటని మొదట నాకు అనుమానం వచ్చిన మాట నిజం. అయితే ఆ విభాగం 2004లో విడిగా ఏర్పడింది. అంతకు ముందు అది హ్యుమానిటీస్ విభాగంలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖగా ఉండేది. అంటే ఇప్పుడు పేరు మేనేజ్‌మెంట్ అయినా, వేరు ఇండస్ట్రియల్ ఇంజనీరింగులోనే ఉంది. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అంటే మన దగ్గర చాలామందికి మెకానికల్ చివరి సంవత్సరంలో మార్కులు సులువుగా వచ్చే ఒక పేపరుగానే తెలుసు. యంత్రం ఎలా తిరుగుతుందన్నది మెకానికల్ ఇంజనీరు ప్రశ్న అయితే, ఆ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి, దాని మీదికి ఏ పని ముందు రావాలి, దాని పక్కన ఎంత సరుకు నిలవ ఉండాలి అన్నవి ఇండస్ట్రియల్ ఇంజనీరు ప్రశ్నలు. షాపులో రోజూ నేను తలపట్టుకునే ప్రశ్నలు ఇవే కాబట్టి, ఆ శాఖలో పెరిగిన ఆచార్యుడు చెప్పే లెక్కలు గణిత విభాగపు ఆచార్యుడు చెప్పే లెక్కల కంటే నాకు ఎక్కువ పనికివస్తాయని ముందే ఊహించి ఉండవలసింది.

ఆయన పరిశోధనలో నాకు పనికివచ్చిన భాగం సెల్యులార్ మాన్యుఫాక్చరింగ్, అంటే ఒకే రకం దారిలో నడిచే భాగాలను ఒక కుటుంబంగా, వాటికి కావలసిన యంత్రాలను ఒక సెల్‌గా చేర్చి, ఒక పెద్ద షాపును కొన్ని చిన్న షాపులుగా విడదీయడం. ఈ ఆలోచన పాతదే. గ్రూప్ టెక్నాలజీ పేరుతో సోవియట్ దేశంలో మిత్రొఫానొవ్, ఇంగ్లండులో బర్బిడ్జ్ 1950, 60 దశకాల్లోనే దీని మీద పనిచేశారు. అయితే ఏ యంత్రం ఏ గుంపులోకి రావాలో తేల్చడానికి చేతితో కాగితాలు తిప్పడం మానేసి, కంప్యూటరుకు ఇవ్వదగిన పద్ధతులు వచ్చినది ఎక్కువగా 1980ల తర్వాతే. 1990లో శ్రీనివాసన్, టి.టి. నరేంద్రన్, బి. మహదేవన్ కలిసి ప్రచురించిన వ్యాసం, 1991లో శ్రీనివాసన్, నరేంద్రన్ ప్రచురించిన గ్రాఫిక్స్ (GRAFICS) అనే పద్ధతి, రెండూ ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ప్రొడక్షన్ రీసెర్చ్‌లో వచ్చినవి, ఈ కోవలోవే. వీటి సంగతి అసైన్‌మెంట్ (ఎవరికి ఏ పని అప్పగించాలన్న సమస్య) పాఠం దగ్గర చెబుతాను, ఎందుకంటే ఆ పాఠం విలువ అక్కడే తెలుస్తుంది.

పాఠాలు మొదలయ్యేది ఎంతో మామూలు ఉదాహరణతో. ఒక చిన్న తయారీదారు రెండు వస్తువులు చేస్తాడు. మొదటిదానికి ఒక వనరు 1 యూనిట్, ఇంకో వనరు 3 యూనిట్లు కావాలి. రెండోదానికి మొదటి వనరు 1, రెండో వనరు 2 కావాలి. చేతిలో ఉన్నవి మొదటి వనరు 5, రెండో వనరు 12. మొదటి వస్తువు మీద లాభం 6 రూపాయలు, రెండోదాని మీద 5 రూపాయలు. ఇంతే. ఈ నాలుగు వాక్యాల లెక్కను ఆయన వదిలిపెట్టరు: మొదట సమీకరణాలుగా రాస్తారు, తరువాత గ్రాఫు గీస్తారు, తరువాత ఆల్జీబ్రాతో చేస్తారు, తరువాత సింప్లెక్స్ (గ్రాఫులో ఒక మూల నుంచి మెరుగైన పక్క మూలకు జరుగుతూ జవాబు చేరే పద్ధతి) పట్టికలోకి తెస్తారు. గ్రాఫులో నాలుగు మూలలు వస్తాయి. వాటి మీద లాభం వరుసగా 0, 24, 27, 25. మొదటి వస్తువు 2, రెండోది 3 చేస్తే 27 రూపాయలు, అదే జవాబు. సింప్లెక్స్‌లో 0 నుంచి 24కు, 24 నుంచి 27కు రెండు అడుగుల్లో చేరుతాం. 25 ఉన్న మూలకు వెళ్లనే వెళ్లం.

మొదటిసారి విన్నప్పుడు నాకు విసుగు తెప్పించింది సరిగ్గా ఇదే. ఒకే లెక్కను ఇన్నిసార్లు చేయడం ఎందుకని, వేగం పెంచి విన్నాను. ఇప్పుడు చెప్పగలను, అది నా తప్పు. మన కాలేజీల్లో గ్రాఫు పద్ధతికి ఒక లెక్క, సింప్లెక్స్‌కు ఇంకో లెక్క, డ్యువల్‌కు (అదే సమస్యను వనరుల విలువ వైపునుంచి చూడడానికి) మరో లెక్క ఇస్తారు; విద్యార్థికి ఇవి మూడు వేర్వేరు మంత్రాలుగా మిగులుతాయి. ఇక్కడ లెక్క మారదు కాబట్టి, సింప్లెక్స్ పట్టికలోని ఒక వరుస గ్రాఫులోని ఏ మూలను చెబుతోందో వేలు పెట్టి చూపించవచ్చు. నేను ఇంజనీరింగ్ పాసైన ఆరేళ్లకు, మా ఇంటి వంటగది బల్ల మీద, పట్టికలో రేషియో తీసేటప్పుడు చిన్నదాన్నే ఎందుకు ఎంచుకుంటామో మొదటిసారి అర్థమైంది: పెద్దదాన్ని ఎంచుకుంటే గ్రాఫులో ఆ గీత దాటి బయటికి పోతాం, వనరు మైనస్‌లోకి పోతుంది. దాన్ని నేను పరీక్షలో కనీసం నాలుగుసార్లు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఇదే లెక్క డ్యువాలిటీ పాఠంలో మళ్లీ వస్తుంది, అక్కడ ఇది పూర్తిగా వికసిస్తుంది. 27 రూపాయల లాభాన్ని వనరుల వైపునుంచి చూస్తే, మొదటి వనరు యూనిట్‌కు 3 రూపాయలు, రెండోది యూనిట్‌కు 1 రూపాయి విలువ చేస్తుందని తేలుతుంది. అయిదు మూళ్లు పదిహేను, పన్నెండు ఒకట్లు పన్నెండు, మొత్తం 27. అంటే మొదటి వనరు ఇంకొక యూనిట్ దొరికితే లాభం 30 అవుతుంది, దానికోసం 3 రూపాయల దాకా అదనంగా పెట్టవచ్చు. ఈ పాఠాన్ని నేను విన్నవారంలోనే మా యజమాని గ్రైండింగ్ విభాగానికి ఓవర్‌టైమ్ ఇద్దామా అని అడిగారు. "గంటకు ఎంత దాకా ఇవ్వొచ్చో చెప్పవయ్యా, ఇవ్వాలో వద్దో నేను చూసుకుంటాను" అన్నారు. ఆయనకు డ్యువల్ అన్న మాట తెలియదు, కానీ అడిగింది అచ్చంగా డ్యువల్ విలువనే. ఆ నెల ఆర్డర్లతో లెక్క వేసి ఒక సంఖ్య చెప్పాను.

అక్కడే ఒక జాగ్రత్త కూడా ఈ పాఠాల వల్ల తెలిసింది. డ్యువల్ విలువ ఎల్లకాలం నిలిచేది కాదు. పై లెక్కలోనే రెండో వనరును 12 నుంచి 13కు పెంచితే లాభం 28, 14కు పెంచితే 29, 15కు పెంచితే 30. ఆ తర్వాత ఎంత పెంచినా 30 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అప్పటికి మొదటి వనరు అయిదూ మొదటి వస్తువుకే పోయి ఉంటుంది. గ్రైండింగ్‌కు గంటలు పెంచుకుంటూ పోతే ఏదో ఒక రోజు ఇరుకు అక్కడినుంచి మిల్లింగ్‌కు మారుతుంది, ఆ తరువాతి ఓవర్‌టైమ్ గంటకు పైసా కూడా తిరిగి రాదు. సెన్సిటివిటీ అనాలిసిస్ పేరుతో సిలబసు చివర విసిరేసే ఈ భాగానికి ఆయన తగినంత సమయం ఇచ్చారు. నా మటుకు నాకు మొత్తం కోర్సులో డబ్బుగా మార్చుకోగలిగిన గంట ఇదే.

ఏ గోదాము నుంచి ఏ ఊరికి ఎంత సరుకు పంపితే రవాణా ఖర్చు తక్కువో తేల్చే ట్రాన్స్‌పోర్టేషన్ పాఠాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. నార్త్ వెస్ట్ కార్నర్, మినిమం కాస్ట్, వోగెల్ పద్ధతి, ఆ పైన జవాబు మెరుగుపరిచే పద్ధతులు, అన్నీ చక్కగా ఉన్నాయి. మన యూనివర్సిటీ పరీక్షలు రాసేవారికి ఇవి చాలా ఉపయోగపడతాయి. లెక్కను అడుగడుగునా బోర్డు మీద చేసి చూపిస్తారు, మెట్లు ఎగరగొట్టరు.

ఇక అసైన్‌మెంట్. నలుగురు మనుషులకు నాలుగు పనులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని, మొత్తం ఖర్చు తక్కువగా ఉండాలి: సమస్య ఇదీ. దీనికి హంగేరియన్ పద్ధతిని హెరాల్డ్ కున్ 1955లో ఇచ్చారు, హంగేరీ గణితజ్ఞులు క్యోనిగ్, ఎగెర్వారీల పని మీద ఆధారపడినందుకు ఆ పేరు పెట్టారు. వరుసల్లో చిన్న సంఖ్యను తీసివేయడం, నిలువుల్లో తీసివేయడం, సున్నాలను గీతలతో కప్పడం, చాలామంది దీన్ని ఒక ఆటలాగా నేర్చుకుని పరీక్ష తర్వాత మరచిపోతారు. ఆ గీతలు ఎందుకు గీస్తున్నామో, తీసివేసే సంఖ్యలు డ్యువల్ విలువలకు ఎలా ముడిపడి ఉన్నాయో ఈ పాఠంలో కనిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు, ఇంత చిన్న సమస్య మీద ఇంత శ్రద్ధ దేనికని అనుకున్నాను. 1990 నాటి వ్యాసం చదివాక సంగతి తెలిసింది: యంత్రాలను గుంపులుగా విడదీయడానికి శ్రీనివాసన్, ఆయన సహరచయితలు వాడిన పనిముట్టు ఇదే.

దగ్గరగా చూపిస్తాను. నాలుగు యంత్రాలు, అయిదు భాగాలు అనుకుందాం. లేతు మీదికి 1, 3, 5 భాగాలు వస్తాయి. డ్రిల్లింగ్ మీదికి కూడా 1, 3, 5. మిల్లింగ్ మీదికి 2, 4. గ్రైండింగ్ మీదికి 2, 4, 5. వచ్చిన చోట ఒకటి, రాని చోట సున్నా వేసి పట్టిక రాస్తాం. ఇప్పుడు ఏ రెండు యంత్రాలను తీసుకున్నా, ఎన్ని భాగాల విషయంలో ఆ రెంటి గళ్లూ ఒకేలా ఉన్నాయో లెక్కపెడతాం. లేతు, డ్రిల్లింగ్ అయిదింటిలోనూ ఒకేలా ఉన్నాయి, పోలిక 5. మిల్లింగ్, గ్రైండింగ్ అయిదో భాగం దగ్గర మాత్రమే తేడా, పోలిక 4. లేతు, మిల్లింగ్ ఒక్కచోటా కలవవు, పోలిక 0. లేతు, గ్రైండింగ్ అయిదో భాగం దగ్గర కలుస్తాయి, పోలిక 1. డ్రిల్లింగ్‌కు కూడా లేతుకు వచ్చిన సంఖ్యలే వస్తాయి. ఇప్పుడు ప్రతి యంత్రానికీ ఒక జతగాణ్ణి చూపించమని, ఎవరికి వారే జత కాకూడదని, మొత్తం పోలిక వీలైనంత ఎక్కువ ఉండాలని అసైన్‌మెంట్ సమస్యగా పెడితే, లేతుకు డ్రిల్లింగ్, డ్రిల్లింగ్‌కు లేతు, మిల్లింగ్‌కు గ్రైండింగ్, గ్రైండింగ్‌కు మిల్లింగ్ వస్తాయి, మొత్తం 18. జవాబులో రెండు వలయాలు ఏర్పడ్డాయి, ఆ రెండు వలయాలే రెండు సెల్‌లు. మిగిలిన చిక్కల్లా అయిదో భాగం ఒక్కటే: అది మొదటి సెల్‌కు చెందినదే అయినా గ్రైండింగ్ కోసం రెండో సెల్‌కు నడిచి వెళ్లాలి.

ఈ ఆలోచనలో నాకు నచ్చిన మలుపు ఒకటుంది. అడ్వాన్స్‌డ్ పాఠాల్లో ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య వస్తుంది: అన్ని ఊళ్లూ తిరిగి బయలుదేరిన ఊరికి చేరే అతి తక్కువ దూరపు దారి కావాలి. దాన్ని అసైన్‌మెంట్‌గా పెడితే ఇలాంటి వలయాలే వస్తాయి, కానీ అక్కడ అవి లోపం. వరంగల్, కరీంనగర్ ఒక వలయంగా, నెల్లూరు, ఒంగోలు ఇంకో వలయంగా వస్తే సేల్స్‌మన్‌కు అది ప్రయాణమే కాదు, ఆ వలయాలను విరగ్గొట్టడానికే అన్ని పాట్లూ. సెల్‌లు కావలసినవాడికి అదే లోపం వరమైంది. ఒక సమస్యలో పారేసిన ముక్కను ఇంకో సమస్యకు జవాబుగా వాడుకోవడం అనుభవజ్ఞుడైన పనివాడి లక్షణం, మా షాపులో పాత వెల్డర్లు కూడా అలాగే చేస్తారు.

ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ సేల్స్‌మన్ సమస్య మీద 1963లో వచ్చిన ప్రసిద్ధ బ్రాంచ్ అండ్ బౌండ్ (సమస్యను కొమ్మలుగా చీల్చి, పనికిరాని కొమ్మలను వదిలేసే పద్ధతి) వ్యాసపు నలుగురు రచయితల్లో కట్టా గోపాలకృష్ణ మూర్తి ఒకరు. ఆ తర్వాత ఆయన మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఇండస్ట్రియల్ అండ్ ఆపరేషన్స్ ఇంజనీరింగ్ ఆచార్యులయ్యారు. అసైన్‌మెంట్ సమస్యకు మొదటి ఉత్తమ జవాబే కాక రెండోది, మూడోది వరుసగా ఎలా తీయాలో 1968లో ఆయన చూపించారు. ఉత్తమ జవాబు ఫోర్‌మన్‌కు నచ్చనప్పుడు దాని తరువాతిది చేతిలో ఉండడం ఎంత అవసరమో ప్లానింగులో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

మా షాపు సంగతి. పద్నాలుగు యంత్రాలు, తరచుగా వచ్చే భాగాలు నలభై ఆరు. జాబ్ కార్డులు ముందేసుకుని, చార్టు కాగితం మీద గళ్లు గీసి, ఒకట్లు, సున్నాలు నింపడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పోలికలు కంప్యూటరులో ఎక్సెల్‌తో తీశాను. రెండు పెద్ద గుంపులు, ఒక చిన్న గుంపు వచ్చాయి. కాగితం మా ఫోర్‌మన్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "గుంపులు సరిగ్గానే వచ్చాయి సార్, ఇది మాకు తెలిసిందే. కానీ ఆ సర్ఫేస్ గ్రైండర్ ఒక్కటే ఉంది, దాన్ని ఎటు పెడతారో అది చెప్పండి" అన్నారు. ఆ గ్రైండర్ కిందికి వచ్చే ఒకట్లు మూడు గుంపుల్లోనూ చెల్లాచెదురుగా ఉన్నాయి. చివరికి దాన్ని కదపలేదు, మిగతావాటిని దాని చుట్టూ కదిపాం. ట్రాలీ నడక తగ్గిందని అందరూ ఒప్పుకుంటారు. సెటప్ సమయం ఎంత తగ్గిందన్నది మాత్రం మేం ముందు సరిగ్గా కొలిచి పెట్టుకోలేదు కాబట్టి గొప్పలు చెప్పుకోలేను. పట్టికలో గుంపులు తేలిన తర్వాత మిగిలిపోయే ఆ ఒకట్లే అసలు పని అని, ఒక యంత్రం ఖరీదు, దాని పునాది, దాని కరెంటు లైను పట్టికలో కనిపించవని ఆ రోజు తెలిసింది.

ప్రాథమిక కోర్సులో చివర డైనమిక్ ప్రోగ్రామింగ్, ఇన్వెంటరీ ఉన్నాయి. డైనమిక్ ప్రోగ్రామింగ్ నాకు కొరుకుడు పడలేదు, అది నా లోపమే కావచ్చు. వెనకనుంచి ముందుకు లెక్కకట్టే ఆ తీరు రెండుమూడు సార్లు వింటే గాని అలవాటు కాదు. ఇన్వెంటరీ పాఠాలు బాగున్నాయి. 1913లో ఫోర్డ్ హారిస్ ఇచ్చిన ఆర్డర్ పరిమాణపు సూత్రంతో మొదలై, కొరత ఒప్పుకుంటే ఏమవుతుంది, ఎక్కువ కొంటే ధర తగ్గిస్తామని సరఫరాదారు అంటే ఏమవుతుంది అని ఒక్కొక్క మెట్టుగా వెళతాయి. ఆర్డర్ పరిమాణం కొంచెం అటూ ఇటూ అయినా మొత్తం ఖర్చు పెద్దగా పెరగదన్న విషయాన్ని గుర్తుపెట్టుకుంటే, స్టోర్సులో దశాంశాల మీద జరిగే వాదనలు సగం ఆగిపోతాయి. సూత్రం చెప్పినదానికి రెట్టింపు తెప్పించినా నిలవ, ఆర్డరు ఖర్చులు కలిపి పాతిక శాతమే పెరుగుతాయి.

కొరతల విషయానికి వస్తే, ఈ పాఠాలు పూర్తిగా చేతి లెక్కలు. సాఫ్ట్‌వేర్‌లో సమస్యను ఎలా ఎక్కించాలి, రెండు వందల చలరాశులు ఉంటే ఏం చేయాలి, సమాచారం తప్పుల తడకగా ఉంటే ఎలా శుభ్రం చేసుకోవాలి అన్నవి ప్రాథమిక వరుసలో దొరకవు. ఈ రోజుల్లో ఉద్యోగానికి వెళ్లే పిల్లలు పైథాన్‌లో నాలుగు వరుసలు రాసి జవాబు తెచ్చుకుంటారు కాబట్టి వారికి ఇది పాతకాలపు చదువుగా అనిపించవచ్చు. నా అభిప్రాయం వేరు. సాల్వర్ (ఇలాంటి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన షాడో ప్రైస్ పట్టికను, అంటే డ్యువల్ విలువల పట్టికను, చదవడం చేతితో ఒక్కసారైనా చేసినవాడికే వస్తుంది. అయినా చేతి లెక్క తర్వాత కంప్యూటరు వైపు ఒక కిటికీ తెరిచి ఉంటే బాగుండేదన్నది కాదనలేను. ఇంకొక సంగతి, ఉదాహరణల్లో సంఖ్యలు చిన్నవి, శుభ్రమైనవి. నేర్పడానికి అవి మంచివే గాని, జవాబు ఎప్పుడూ 2, 3 అని పూర్ణసంఖ్యగా వస్తుందన్న భ్రమ కలుగుతుంది. మా షాపులో మొదటిసారి లెక్క వేస్తే 17.4 ఫ్లాంజీలు చేయమని వచ్చింది.

భాష గురించి చెప్పాలి. పాఠాలు ఇంగ్లిషులో ఉన్నాయి, అయితే నెమ్మదిగా, ఒక వాక్యం పూర్తయ్యాకే ఇంకో వాక్యం మొదలయ్యే ఇంగ్లిషు అది. తెలుగు మీడియంలో చదివి పాలిటెక్నిక్ మీదుగా వచ్చిన మా జూనియరు ఒకడు మొదట భయపడ్డాడు, నాలుగో పాఠానికి సర్దుకున్నాడు. బోర్డు మీద లెక్క కళ్లముందు నడుస్తుంటే మాట సగం అర్థమైనా చాలునని అన్నాడు. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించి రాతప్రతులుగా పెట్టింది. ఈ శాస్త్రంలో మాత్రం సింప్లెక్స్, డ్యువల్ వంటి పదాలకు కృతకమైన తెలుగు పెట్టడం కంటే, వాటిని అలాగే ఉంచి చుట్టూ ఉన్న వాక్యం తెలుగులో ఉంటే చదువరికి సాయం.

సర్టిఫికెట్ కావాలంటే ఎనిమిది వారాల కోర్సులో చేరాలి. వారం వారం ఇంటి దగ్గర చేసే అభ్యాసాలు (వీటినీ అసైన్‌మెంట్లే అంటారు), ఎనిమిదింటిలో మంచివి ఆరు తీసుకుని 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి కంప్యూటరు మీద రాసే పరీక్షకు 75 మార్కులు. చేరడం ఉచితమే, పరీక్షకు నేను వెయ్యి రూపాయలు కట్టాను. పరీక్షా కేంద్రం ఊరి బయట ఒక కాలేజీలో పడింది, పేరు అనవసరం. లోపల రఫ్ వర్కుకు రెండే కాగితాలు ఇచ్చారు. ట్రాన్స్‌పోర్టేషన్ పట్టిక ఒక్కటి మెరుగుపరచడానికే ఒక కాగితం అయిపోతుంది. ఇంకో కాగితం అడిగితే ఇన్విజిలేటర్ గారు, "బాబూ, లెక్కపెట్టి ఇచ్చారు, నా దగ్గర లేవు" అన్నారు. ఆయన్నీ అనలేం. రెండో కాగితం వెనక వైపు మూలల్లో చిన్న అక్షరాలతో హంగేరియన్ లెక్క చేసి, ఒక సున్నాను ఆరుగా చదువుకుని ఆ ప్రశ్న పోగొట్టుకున్నాను. వెళ్లేవారు ఇంటి దగ్గర అభ్యాసం చేసేటప్పుడే పట్టికలను చిన్నవిగా, మార్పులను అదే పట్టికలో గుర్తులతో చూపే అలవాటు చేసుకోవడం మంచిది.

యూనివర్సిటీ సెమిస్టరు ముందు వారం రోజుల్లో గట్టెక్కాలనుకునేవారు ట్రాన్స్‌పోర్టేషన్, అసైన్‌మెంట్ పాఠాలు మాత్రం వింటే సరిపోతుంది. గేట్‌కు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ భాగం చదివేవారు మొదటినుంచి వరుసగా వినాలి, వేగం పెంచకుండా. నాలాగా షాపుల్లో, గోదాముల్లో ప్లానింగ్ చేసేవారు డ్యువాలిటీ, సెన్సిటివిటీ, అసైన్‌మెంట్, ఇన్వెంటరీ, ఈ నాలుగింటి దగ్గర ఆగి, ప్రతి పాఠం తర్వాత సొంత షాపు అంకెలతో ఒక లెక్క చేసి చూడాలి. కంప్యూటరు ప్యాకేజీ నేర్చుకోవడానికే వచ్చేవారికి ఇది తగిన చోటు కాదు. నేను ఇప్పుడు అడ్వాన్స్‌డ్ వరుసలో వెహికల్ రూటింగ్ దగ్గర ఉన్నాను. మా సరుకు బాలానగర్, పటాన్‌చెరు, చర్లపల్లి వైపు మూడు ఆటోల్లో వెళుతుంది, ఏ ఆటో ఎటు వెళ్లాలో ఇన్నాళ్లూ డ్రైవర్లే తేల్చుకునేవారు. వారి లెక్కకు నా లెక్క సరిపోతుందో లేదో వచ్చే నెల డీజిలు బిల్లులు పక్కపక్కన పెట్టి చూడాలి.